మూడో శనివారం ఒక్కపొద్దు

ఎర్ర మోటారు బండిని హ్యాండిల్ కొమ్ములు రెండూ పట్టి వెనక్కి లాగి, హిందూపురం వరుసలో మూడోదిగా నిలబెట్టాక ఉలిగప్ప దాని సీటు మీదే చేయి ఆనించి కాసేపు ఆగాడు. ఎదలో మళ్ళీ అదే తీరు. రెండు దెబ్బలు వడివడిగా పడ్డాయి. తర్వాతది పడలేదు. దాని వెనక నాలుగు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. కార్బొరేటర్లో నలక చేరిన బండి మిస్ కొట్టినట్టే. అది సర్దుకునేదాకా ఏదో ఒక బండిని పట్టుకుని నిలబడడం ఈ నాలుగు నెలల్లో ఆయనకు అలవాటైపోయింది. చూసేవాళ్ళకు మాత్రం బండిని ముద్దుగా నిమురుతున్నట్టుంటుంది.

పొద్దున ఆరున్నర. మాఘమాసపు చలి. పెనుకొండ కోట గోడలకు ఎండ తగిలింది గానీ బస్టాండు పక్కనున్న రేకుల షెడ్డు దాకా ఇంకా దిగలేదు. ఉలిగప్ప తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి, బండ్ల అద్దాల మీది మంచు తుడిచి, మళ్ళీ చుట్టుకున్నాడు. ఏభై తొమ్మిదేళ్ళ మనిషి. పొట్టి, గట్టి ఒళ్ళు, ఎడమ భుజం కొంచెం కిందికి. ముప్పై నాలుగేళ్ళుగా బండ్లను ఒకే వైపు నుంచి తోసి తోసి ఆ భుజం అట్లా వాలిపోయింది.

స్టాండులో రెండు వరుసలు. హిందూపురం పోయేవాళ్ళ బండ్లు గోడ వైపు. ధర్మవరం పోయేవాళ్ళవి రోడ్డు వైపు. సాయంత్రం ఏ బస్సుకు ఎవరు దిగుతారో చూసుకుని, ముందొచ్చేవాళ్ళ బండి ముందుకు, వెనకొచ్చేవాళ్ళది లోపలికి పెడతాడు. కాంట్రాక్టరు టోకెన్లు అచ్చు వేయించి ఇచ్చాడు. అవి రేకు డబ్బాలో అట్లాగే ఉన్నాయి. కొత్తవాళ్ళెవరైనా టోకెన్ అడిగితే, "నీ మొగమే టోకెనప్పా. పో, బస్సు పోతాది" అంటాడు. ఒకరి బండి ఇంకొకరికి ఇచ్చింది ఏనాడూ లేదు.

ఆ కన్ను నాయన నుంచి వచ్చింది. రొద్దం దగ్గర పల్లెలో నాయనకు నూట ఇరవై గొర్రెలుండేవి. సాయంత్రం మంద తిరిగొచ్చే వేళ దొడ్లో పిల్లలన్నీ ఒక్కసారిగా అరుస్తుంటే, ఏ పిల్ల ఏ తల్లిదో చీకట్లో కూడా పట్టి తల్లి కిందికి తోసేవాడు నాయన. వరసగా మూడేళ్ళు వానలు పడక గొర్రెల్ని అమ్మేశాక ఉలిగప్ప పెనుకొండ వచ్చి సినిమా హాలు ముందర సైకిళ్ళ స్టాండులో చేరాడు. హాలు మూతపడింది. సైకిళ్ళు పోయి బండ్లు వచ్చాయి. ఆయన బస్టాండు పక్కకు మారాడు. అంతే, ఆయన జీవితంలో చెప్పుకోదగ్గ ప్రయాణం. ఇన్ని వేల బండ్లు తోసినవాడికి బండి నడపడం మాత్రం రాదు. ఎందుకు నేర్చుకోలేదని ఎవరైనా అడిగితే, "గొర్రెలు కాసేటోడు గొర్రె మీదెక్కి పోతాడా?" అని నవ్వుతాడు.

క్రాంతి కుమార్ వచ్చాడు. హిందూపురం దగ్గర తూమకుంట ఫ్యాక్టరీలో పని అతనికి. ఏడు గంటల బస్సుకు పోయి, ఆరు గంటల లోపల తిరిగొస్తాడు. బండి ఆపి తాళం జేబులో వేసుకుంటూ, "ఏమప్పా ఉలిగప్పా, సోమారమేనంట కదా నీకు కరెంటు పెట్టేది?" అన్నాడు.

"ఔనబ్బా. షాకు కొట్టి దారిలో పెడతారంట."

"సూసుకో. ఎక్కువ పెట్నారంటే ఎలక్ట్రిక్ బండైపోతావు."

"అట్లయితే మంచిదే కదా. పెట్రోలు ఖర్చు మిగుల్తాది."

ఇద్దరూ నవ్వారు. బస్సు హారన్ కొట్టింది. క్రాంతి కుమార్ పరిగెత్తాడు. ఉలిగప్ప అతని బండిని హిందూపురం వరుసలో ముందుకు తోశాడు. తోసి, నిలబడ్డాడు.

నిజానికి ఆ సోమవారం కోసం ఆయన నాలుగు నెలలు కాచుకున్నాడు. వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడదు. రెండు దిండ్లు వేసుకుని గోడకు ఆనుకుని నిద్రపోతున్నాడు. మెట్లెక్కితే కళ్ళకు చీకట్లు కమ్ముతాయి. గుండె తాళం తప్పిందని, మందులతో దారికి రావడం లేదని బెంగళూరు ఆసుపత్రిలో చెప్పారు. మత్తిచ్చి, ఒక్క క్షణం కరెంటు పెట్టి సరిచేస్తామన్నారు. దానికి ముందు మూడు వారాలు రక్తం పల్చన చేసే మాత్ర పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకోవాలన్నారు. ఆ రోజు ఫాస్టింగ్ రావాలన్నారు. ఆ మాట ఉలిగప్పకు అర్థం కాలేదు. తెల్లమొహం వేసుకుని చూస్తుంటే పుష్ప అనే నర్సు దగ్గరికొచ్చింది. మన పక్క రొళ్ళ ఊరి అమ్మాయి. తెలుగువాళ్ళొస్తే ఆమెనే పిలుస్తారు అక్కడ.

"ఆ సోమారం ఒక్కపొద్దుండి రావల్లప్పా" అంది. "నోట్లో నీళ్ళు గూడా పోసుకోగూడదు."

అదైతే అర్థమయింది. ఎంత బాగా అర్థమయిందంటే, ఇంటికొచ్చి భార్యకు మిగతా అన్నింటికంటే ముందు అదే చెప్పాడు. "ఆసుపత్రోళ్ళు గూడా ఒక్కపొద్దే చెప్పినారే, గంగులూ."

గంగులమ్మ చేస్తున్న పని ఆపి, రెండు చేతులూ జోడించింది. "సూస్తివా! డాక్టర్లతో గూడా ఆయప్పే పలికించినాడు. ఒక్క సోమారమేమి, మూడు శనివారాలుండు. శనిమహాత్మునికి మొక్కుకుందాం. బాగైనంక పావగడలో ఆయప్ప గుడికి పోయి నువ్వులనూనె దీపం పెట్టొస్తాం."

ఆ ఇంట్లో ఒక్కపొద్దంటే గంగులమ్మకు అత్తగారు నేర్పిన పద్ధతి. పొద్దు మునిగేదాకా పచ్చి నీళ్ళు కూడా ముట్టకూడదు. మునిగాక స్నానం చేసి, దీపం పెట్టి, ఒక్కసారి తినాలి. మర్నాడు తెల్లవారేదాకా బీడీ గానీ, వక్కాకు గానీ, మాత్ర గానీ ఏదీ నోట్లో పడకూడదు.

"మాత్ర గూడానా?" అని మొదటి శనివారం ఉలిగప్ప అడిగాడు.

"ఆరు దినాలు మాత్ర కాపాడతాది. ఒక్క దినం సామి కాపాడలేడా?" అంది గంగులమ్మ.

ఉలిగప్ప మాత్రల డబ్బా గూట్లో పెట్టేశాడు. ముప్పై ఏళ్ళుగా కష్టం వచ్చిన ప్రతిసారీ ఆ ఇల్లు ఆయప్ప పేరు చెప్పుకునే నిలబడింది. బిడ్డ భాగ్యకు పచ్చకామెర్లు వచ్చినప్పుడూ ఒక్కపొద్దే. దేవుడికి కావలసింది మన ఆకలా, మన మనసా అని ఎవరూ ఆయన్ను అడిగింది లేదు, ఆయనా ఎవరినీ అడగలేదు. ఆకలి పెట్టడం చేతనైన పని. చేతనైంది చేశాడు.

పదకొండు గంటలకు స్టాండులో పని తగ్గింది. పక్కన టీ అంగడి బసవరాజు అలవాటు కొద్దీ గ్లాసు పట్టుకొచ్చి, గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాడు.

"అయ్యో, శనివారం కదా. ఏమప్పా, శనిమహాత్ముడు నిన్ను పట్టుకున్న్యాడా, నువ్వే ఆయన్న పట్టుకున్న్యావా?"

"ఎవరు పట్టుకుంటే ఏమిలేప్పా. వదలకుంటే సాలు."

"సోమారం పోతే ఎన్ని దినాలు?"

"అదే సాయంత్రం పంపిస్తారంట. మంగళారం నేనే ఉంటా ఈడ."

బసవరాజు ఆ గ్లాసు తనే తాగేశాడు. ఉలిగప్ప కుర్చీలో కూర్చుని, మణికట్టు మీద రెండు వేళ్ళు పెట్టుకున్నాడు. పుష్ప నేర్పింది. లెక్కపెట్టబోయాడు. ఇరవై దాకా వచ్చేసరికి ఎక్కడో ఒకటి దాటిపోయింది. మళ్ళీ మొదలుపెట్టాడు. గొర్రెలైతే ఇట్లా లెక్క తప్పేవి కావు.

మధ్యాహ్నం ఎండ రేకుల్లోంచి దిగింది. నోరు పిడచకట్టుకుపోయింది. ఆదివారం సాయంత్రానికి భాగ్య ధర్మవరం నుంచి వస్తుంది. చీరల అంగడిలో పని చేస్తుందామె. సోమవారం ఒక్కరోజు సెలవుకు షావుకారు నాలుగుసార్లు తిప్పుకుని ఒప్పుకున్నాడు. ఆ తెల్లవారుజామున నాలుగున్నర బస్సుకు ముగ్గురూ బెంగళూరు పోవాలి. ఆ రాత్రికి, అంటే సోమవారం రాత్రికి, వెల్లకిలా పడుకోవచ్చు. దాని గురించి తలచుకుంటూ ఉలిగప్ప కళ్ళు మూసుకున్నాడు. పైకప్పు చూస్తూ నిద్రపోయి ఎన్నాళ్ళయింది!

మూడు గంటలకు ఫోను మోగింది.

"ఉలిగప్పేనా? పుష్పనప్పా, ఆసుపత్రి నుంచి. బాగుండారా?"

"బాగుండా తల్లీ. సోమారం వస్తాండాం."

"దానికే చేసినా. కొన్ని అడుగుతా, చెప్పండి. జ్వరం, దగ్గు ఏమన్నా ఉండాయా?"

"లేవమ్మా."

"రక్తం పల్చన చేసే మాత్ర రెండు పూటలా వేసుకుంటాండారా?"

"వేసుకుంటాండా."

"ఒక్క పూటన్నా తప్పిందా?"

"తప్పలేదు."

ఉలిగప్ప అబద్ధమాడే మనిషి కాడు. తప్పడమంటే మరిచిపోవడం. ఆయన ఏ పూటా మరిచిపోలేదు.

"మంచిదప్పా. భోంచేసినారా మరి?"

"ఈ పొద్దు ఒక్కపొద్దు కదమ్మా."

పుష్ప నవ్వింది. "ఒక్కపొద్దు సోమారమప్పా, ఈ పొద్దు కాదు."

"అది మీది తల్లీ. ఇది దేవునిది. మూడో శనివారం."

అవతల నవ్వు ఆగిపోయింది. "పొద్దున మాత్ర వేసుకున్నారా?"

"ఒక్కపొద్దు నాడు మాత్ర ఎట్ల వేసుకుంటారమ్మా?"

"పోయిన శనివారం?"

"అదీ అంతే."

"ఆ ముందుది?"

ఉలిగప్ప ఫోను ఆ చెవి నుంచి ఈ చెవికి మార్చుకున్నాడు. ఏదో తప్పు జరిగిందని ఆ పిల్ల గొంతులోనే తెలిసిపోతోంది. బండి పడకముందు దాని సైడు స్టాండు కొంచెం వంగుతుంది చూడండి, అట్లా ఉంది ఆ గొంతు.

"డాక్టర్ను అడిగి చేస్తా. ఫోను దగ్గరే పెట్టుకోండి" అని పెట్టేసింది.

నాలుగు గంటలకు మళ్ళీ చేసింది. ఈసారి నెమ్మదిగా, ఒక్కొక్క మాటా ఏరి చెప్పింది. గుండె సరిగ్గా కొట్టుకోనప్పుడు లోపల రక్తం ఒక మూలన నిలబడిపోతుంది. నిలబడింది పాలు తోడుకున్నట్టు గడ్డకడుతుంది. అట్లా గడ్డకట్టకుండానే ఆ మాత్ర. మూడు వారాలు ఒక్క పూట కూడా వదలకుండా వేసుకుంటేనే కరెంటు పెడతారు. వదిలితే, గడ్డ ఉందో లేదో తెలియదు. ఉంటే, గుండె దారిలో పడగానే అది ఎగిరి మెదడుకు పోతుంది.

"అందుకని సోమారం వద్దన్నారప్పా డాక్టరు. ఈ పొద్దు నుంచి మళ్ళా మూడు వారాలు."

"మూడు వారాలా?"

"ఔనప్పా."

"అమ్మా, నా మాట విను. ఆ శనివారాలు లేనట్లే రాసుకో తల్లీ. నా బిడ్డ సెలవు పెట్టుకున్న్యాది. నీకు పుణ్యముంటాది."

"నేను రాసుకుంటా సరే. మీ రక్తం ఒప్పుకుంటాదా?" అంది పుష్ప. "తప్పు నాదేనప్పా. ఆ మాట చెప్పింది నేనే. ఏమీ తినగూడదు అని చెప్పింటే సరిపోతాండె."

"నువ్వేం చేస్తావులేమ్మా."

"ఇప్పుడే మాత్ర వేసుకోండి. సాయంత్రం దాకా ఉండొద్దు. తప్పకుండా వేసుకుంటారు కదా?"

"వేసుకుంటా."

మాత్రలు ఇంట్లో ఉన్నాయి. ఉలిగప్ప గంగులమ్మకు ఫోను చేశాడు. జరిగింది చెప్పాడు.

"నేను సెడ్డ చేసినానా?" అంది చివరికి.

"సెడ్డ ఎవరు చేసినారే! మాత్ర తీసుకోని రా. ఇప్పుడే వేసుకోమన్న్యాది."

"మూడో శనివారమప్పా. ఇంగ రెండు గంటల్లో పొద్దు మునుగుతాది. ఇన్ని దినాలుండి, ఇప్పుడు గట్టెక్కే ముందర పడేసుకుందామా? పొద్దు మునగ్గానే అన్నమూ మాత్రా రెండూ తెస్తా. రాత్రి మాత్ర వద్దని నేను చెప్పనులే. నా మీద ఒట్టు."

ఉలిగప్ప ఫోను చెవి దగ్గరే పెట్టుకుని కొండ వైపు చూశాడు. ఎండ పచ్చబడింది. ఆరు దినాలు మాత్రది, ఒక దినం సామిది అని పంచుకున్నది తామే. పంచినప్పుడు సామి అక్కడున్నాడో లేడో. ఉండి ఊరుకున్నాడో. ఆ ఆలోచన రాగానే ఆయన లోలోపలే చెంపలేసుకున్నాడు. రెండు గంటలు. నిజమే, ఇన్ని పూటలు పోయినాక రెండు గంటల్లో ఏమి మునిగిపోతుంది?

"సరే, తొందరగా రా" అన్నాడు.

భాగ్యకు ఫోను చేయాలనుకున్నాడు. నాలుగుసార్లు తిరిగి సంపాదించిన సెలవు. రేపు చేద్దాంలే అని ఫోను జేబులో వేసుకున్నాడు. లేచి, ఎవరూ అడగకపోయినా, ధర్మవరం వరుసలో బండ్లన్నీ ఒకసారి సర్దాడు. సరిగ్గానే ఉన్నవాటిని మళ్ళీ సరిచేశాడు.

ఆరు కావడానికి పావుగంట ఉందనగా హిందూపురం బస్సు వచ్చింది. జనం దిగారు. ఉలిగప్ప కుర్చీలోంచి లేచాడు. లేస్తుంటే ఎవరో కుడి చేతిని పట్టి వెనక్కి లాగినట్టయింది. చూస్తే ఎవరూ లేరు. చేయి మొద్దుబారింది, అంతే. దులుపుకున్నాడు.

క్రాంతి కుమార్ ఎదురుగా నిలబడి ఉన్నాడు.

మొహం తెలుసు. తూమకుంట తెలుసు. పొద్దున నవ్విన నవ్వు తెలుసు. బండే తెలియలేదు. ఉలిగప్ప వరుసల వైపు తిరిగాడు. అన్నీ బండ్లే. ఒక్కదానికీ మనిషి లేడు. ఆయన రోడ్డు వైపు వరుసకు పోయి ఒక నల్ల బండి కొమ్ములు పట్టుకున్నాడు.

"అది నాది కాదప్పా!" క్రాంతి కుమార్ నవ్వాడు. "ఏమి ఉలిగప్పా, సోమారం గురించి బుగులా? ఆ పక్క చూడు."

ఉలిగప్ప ఏదో అన్నాడు. మాట నోట్లోంచి బయటికొచ్చేసరికి మరేదో అయింది. వెనకాల నిలబడ్డవాళ్ళలో ఒకరు కిసుక్కుమన్నారు.

"శనివారం పూట మందేసినాడబ్బా ఉలిగప్ప!"

"ఒక్కపొద్దన్న్యాడే!"

"ఒక్కపొద్దు పగలే కదా. ఇప్పుడు సాయంత్రం."

ఉలిగప్ప వాళ్ళ వైపు చూశాడు. చెప్పాలి. వేసుకోలేదని చెప్పాలి. పొద్దు మునిగాక గంగులమ్మ తెస్తుందని, అప్పుడు వేసుకుంటానని చెప్పాలి.

"వే... వేస్కోలే" అన్నాడు. పెదవి ఒక పక్కకు జారింది. "మందు... వేస్కోలే."

జనం మళ్ళీ నవ్వారు. క్రాంతి కుమార్ నవ్వలేదు. ఆ పెదవినే చూస్తున్నాడు. "బసవన్నా! ఇట్ల రా!" అని అరిచాడు.

బండి ఉలిగప్ప చేతిలోంచి జారింది. పక్కదాని మీద పడింది. అది దాని పక్కదాని మీద. ధర్మవరం వరుసలో చివరి స్కూటరు తప్ప అన్నీ ఒకదాని మీద ఒకటి ఒరిగిపోయాయి. ఆ చప్పుడు ఆగాక, బసవరాజు ఆయన్ను రెండు చంకల కిందా పట్టుకుని నేల మీద పడుకోబెట్టాడు. ఎవరో 108కి ఫోను చేశారు. ఎవరో నీళ్ళు తెచ్చారు. వద్దని ఎవరో అన్నారు. ఉలిగప్ప వెల్లకిలా, మొహం రేకుల వైపు పెట్టి పడి ఉన్నాడు. కళ్ళు మాత్రం పక్కకు తిరిగి, పడిపోయిన బండ్ల మీదే నిలిచాయి. ఎడమ చేయి లేచింది. ఏదో ఎత్తబోయినట్టు వేళ్ళు ముడుచుకున్నాయి.

"నేను లేపుతాలేప్పా. అన్నీ లేపుతా" అన్నాడు బసవరాజు ఏడుపు గొంతుతో.

అంబులెన్సు వచ్చేటప్పటికి కొండ వెనక పొద్దు మునిగింది. స్ట్రెచరు ఎక్కిస్తుండగా గంగులమ్మ వచ్చింది. జనాన్ని చూసి మొదట అటు కాదనుకుని కుర్చీ వైపు నడిచింది. కుర్చీ ఖాళీగా ఉండడం చూసి తిరిగింది. చేతిలోని క్యారియర్‌ను పడకుండా నిలిచిన ఆ స్కూటరు సీటు మీద పెట్టి, కొంగు ముడి విప్పుకుంటూ పరిగెత్తింది. మాత్రను రెండు వేళ్ళతో పట్టుకుని ఆయన నోటి దగ్గర పెట్టింది.

"పొద్దు మునిగిందప్పా. ఇదో, వేసుకో. నోరు తెరువు."

"వద్దమ్మా, మింగలేడు. గొంతుకు అడ్డం పడతాది" అని అంబులెన్సు మనిషి ఆమె చేయి పట్టుకున్నాడు.

"వేసుకోమన్న్యారయ్యా. ఆసుపత్రిలోనే చెప్పినారు. ఒక్కటే, చిన్నది."

అతను తల అడ్డంగా ఊపాడు. గంగులమ్మ మాత్రను పిడికిట్లో పెట్టుకునే బండెక్కింది. వెనకే బసవరాజు ఎక్కాడు. తలుపు పడింది. బండి హిందూపురం దారి పట్టింది.

సోమందేపల్లి దాటకముందే ఉలిగప్ప పోయాడు. ఎప్పుడు పోయాడో గంగులమ్మకు తెలియలేదు. ఆమె వేళ్ళు ఆయన మణికట్టు మీద ఉన్నాయి. నాడి మధ్యమధ్య ఆగడం ఆమెకు నాలుగు నెలలుగా తెలిసిందే. ఇదీ అట్లాంటిదేననుకుని, తర్వాతి దెబ్బ కోసం కాచుకుంటూ కూర్చుంది.

క్రాంతి కుమార్, ఇంకో ఇద్దరూ కలిసి పడిన బండ్లను లేపి నిలబెట్టారు. ఎవరి బండ్లు వాళ్ళు వెతుక్కుని తీసుకుని పోయారు. ఏడు గంటలకు ధర్మవరం బస్సులోంచి పుస్తకాల సంచితో ఒక ఆడమనిషి దిగింది. ఎస్తేరమ్మ, బడిపంతులమ్మ. షెడ్డులో ఒక్క ఆమె స్కూటరే మిగిలింది. టీ అంగడిలో ఎవరూ లేరు. సీటు మీద రెండు గిన్నెల క్యారియర్ చూసి, ఎవరిదోనని అటూ ఇటూ చూసింది.

"ఉలిగప్పన్నా! నీ బువ్వ ఈడ పెట్టినావు. కుర్చీలో పెడతాండా!" అని చీకట్లోకి కేక వేసింది.

బదులు రాలేదు. ఒంటికి పోయుంటాడనుకుంది. క్యారియర్‌ను రెండు చేతులా ఎత్తి, కుదురుగా కుర్చీలో పెట్టి, స్కూటరు తీసుకుని వెళ్ళిపోయింది. ఆ గిన్నెలు ఇంకా వెచ్చగానే ఉన్నాయి; పై గిన్నె మూత అంచున ఆవిరి చెమ్మ చేరి, ఒక చుక్క మెల్లగా కిందికి జారుతోంది.